పరీక్షా పైప్‌లైన్లలో క్లౌడ్ ప్రవేశం: నిల్వ కీల స్థానంలో స్వల్పకాలిక టోకెన్లు

5.1 పరిచయం

స్వయంచాలిత పరీక్షల పైప్‌లైన్ అంటే ఏమిటో గత భాగంలో చదివారు. కోడ్‌లో ఒక మార్పు చేసి రిపాజిటరీకి పంపగానే ఎక్కడో ఒక యంత్రం మేల్కొంటుంది. కోడ్‌ను దించుకొని, పరీక్షలు నడిపి, ఫలితం చెప్పి మాయమవుతుంది. ఆ యంత్రాన్ని రన్నర్ అంటారని కూడా చూశాం. ఈ భాగంలో ఆ రన్నర్ గురించి ఒక్క ప్రశ్న వేసుకుందాం. అది క్లౌడ్ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రానివ్వమన్నప్పుడు, తానెవరో ఎలా రుజువు చేసుకుంటుంది?

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. సూళ్లూరుపేటకు దగ్గర్లోని నేలపట్టుకు ఏటా గూడబాతులు వస్తాయి. వాటి ఫొటోలు పంచుకోవడానికి మీరొక చిన్న వెబ్‌సైట్ తయారుచేశారనుకోండి. రిపాజిటరీ పేరు ‘పక్షులు’. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, ఫొటోలు అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో ఒక బకెట్‌లో ఉన్నాయి. ఫొటో ఎక్కించగానే దాని చిన్న సైజు ప్రతి సరిగా తయారవుతోందా లేదా అని పరీక్షించాలంటే, రన్నర్ నిజంగానే ఆ బకెట్‌లో ఒక ఫొటో పెట్టి, తీసి చూడాలి. అంటే దానికి క్లౌడ్‌లోకి ప్రవేశం కావాలి. ఆ ప్రవేశం ఇచ్చే పాత పద్ధతి ఏమిటి, అది ఎందుకు ప్రమాదకరం, కొత్త పద్ధతిలో భద్రత ఏ ఒక్క అంశం మీద ఆధారపడి ఉంటుంది అన్నవి ఈ భాగంలోని విషయాలు.

5.2 నిల్వ కీ

పాత పద్ధతి చాలా సులువు. ఏడబ్ల్యూఎస్‌లో ఒక యూజర్‌ను సృష్టించి, అతని పేరు మీద ఒక యాక్సెస్ కీ తీసుకుంటారు. అందులో రెండు భాగాలుంటాయి: 20 అక్షరాల కీ ఐడీ, 40 అక్షరాల రహస్య భాగం. ఈ రెండింటినీ పైప్‌లైన్ సెట్టింగుల్లో ‘సీక్రెట్స్’ అనే చోట అతికిస్తారు. రన్నర్ లేచిన ప్రతిసారీ వాటిని చదువుకొని బకెట్‌లోకి వెళుతుంది. అయిదు నిమిషాల పని. అందుకే అందరూ అదే చేశారు, నేటికీ చాలామంది చేస్తున్నారు.

ఈ కీకి గడువు లేదు. మీరు తీసేసేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది. గూగుల్ క్లౌడ్‌లో సర్వీస్ అకౌంట్ కీ ఒకటి తయారుచేసి దాని చెల్లుబాటు తేదీ చూడండి, సాధారణంగా 9999 డిసెంబరు 31 అని కనిపిస్తుంది. మీ మునిమనవళ్ల కాలం దాటినా చెల్లే తాళంచెవి అన్నమాట.

గడువు లేకపోవడం కన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. కీ ఏం రుజువు చేస్తుంది? అది ఎవరి చేతిలో ఉందో వారి చేతిలో ఉందని మాత్రమే. పట్టుకొచ్చింది మీ రన్నరా, మీ పాత సహోద్యోగా, వేరే దేశంలో కూర్చున్న దొంగా అన్నది క్లౌడ్‌కు తెలియదు. మీ బకెట్ ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్‌లో ఉండవచ్చు. అంతమాత్రాన కీ హైదరాబాద్ నుంచే పనిచేస్తుందనుకోకండి. అదనపు షరతులు పెడితే తప్ప, ప్రపంచంలో ఏ మూల నుంచి చూపినా అది చెల్లుతుంది.

పైగా కీలకు నకళ్లు పుడుతూ ఉంటాయి. ఒకటి సెట్టింగుల్లో, ఒకటి తయారుచేసినవారి ల్యాప్‌టాప్‌లో, ఒకటి ‘ఒక్కసారి పంపవా’ అని అడిగిన మిత్రుడి వాట్సాప్‌లో ఉంటుంది. ఉద్యోగి వెళ్లిపోతాడు, కీ ఉండిపోతుంది. పరీక్షలు ఆగిపోతాయేమోనన్న భయంతో దాని జోలికి ఎవరూ పోరు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఊబర్ సంస్థకు 2016లో తెలిసింది. ఆ సంస్థ ఇంజనీర్లు వాడే గిట్‌హబ్ ప్రైవేటు రిపాజిటరీలోకి చొరబడిన వారికి అక్కడ ఏడబ్ల్యూఎస్ కీ దొరికింది. ఆ కీతో వారు సుమారు 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు తీసుకుపోయారు. సంస్థ దీన్ని 2017 నవంబరు దాకా బయటపెట్టలేదు. 2018లో అమెరికా రాష్ట్రాలతో 14 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది.

‘రిపాజిటరీలో పెట్టడం తప్పు, మేము సీక్రెట్స్‌లో గుప్తీకరించి పెడుతున్నాం కదా’ అని మీరనవచ్చు. ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్న కాబట్టి కాస్త నిలిచి చూద్దాం. దాచినప్పుడు గుప్తంగా ఉన్నా, వాడేటప్పుడు రహస్యం విప్పి రన్నర్ ముందు పెట్టాల్సిందే. 2021లో కోడ్‌కవ్ అనే సేవ విషయంలో జరిగింది ఇదే. పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో లెక్కించే సేవ అది. దాని అప్‌లోడర్ స్క్రిప్టును వేలాది పైప్‌లైన్లు దించుకొని నడిపేవి. ఆ ఏడాది జనవరి 31 నుంచి ఎవరో ఆ స్క్రిప్టులో చిన్న మార్పు చేశారు. దాంతో అది నడిచిన ప్రతిచోటా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను బయటి సర్వరుకు పంపింది. విప్పి ఉంచిన కీలు ఉండేది ఆ వేరియబుల్స్‌లోనే. ఏప్రిల్‌లో ఒక కస్టమర్ స్క్రిప్టు చెక్‌సమ్‌ను పోల్చి చూసి తేడా ఉందని చెప్పేదాకా సంగతి బయటపడలేదు.

సర్కిల్‌సీఐ ఉదంతం ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే అది పైప్‌లైన్లు నడపడమే వృత్తిగా ఉన్న సంస్థ. 2022 డిసెంబరు 16న ఆ సంస్థ ఇంజనీరు ఒకరి ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ చేరింది. ఆయన అప్పటికే రెండంచెల ధ్రువీకరణ పూర్తిచేసి తెరిచి ఉంచిన సెషన్‌ను అది దొంగిలించింది. డిసెంబరు 22న కస్టమర్ల రహస్యాలు బయటికి పోయాయి. అవి గుప్తీకరించే ఉన్నాయి. అయితే దొంగలు నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచి గుప్తీకరణ కీలను కూడా తీసుకున్నారు. 2023 జనవరి 4న ఆ సంస్థ తన కస్టమర్లందరికీ ఒకే మాట చెప్పింది: మా దగ్గర దాచిన ప్రతి రహస్యాన్నీ మార్చుకోండి. ఎన్ని కంపెనీలు, ఒక్కొక్కదానిలో ఎన్ని కీలు, ఒక్కొక్క కీ ఎన్నిచోట్ల వాడారో ఊహించండి. తర్వాత ఇచ్చిన నివేదికలో సంస్థ చేసిన సూచనల్లో ఒకటి మన పాఠానికి సరిగ్గా వర్తిస్తుంది. వీలైన చోటల్లా గడువులేని కీలు మా దగ్గర దాచకండి, వాటి బదులు ఓఐడీసీ టోకెన్లు వాడండి అన్నది.

5.3 గ్యాలరీ పాస్ పద్ధతి

ఓఐడీసీ అంటే ఓపెన్ ఐడీ కనెక్ట్. పేరు కొత్తగా ఉన్నా అందులోని పద్ధతి మీకు తెలిసినదే. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలను ప్రజలు చూడటానికి ఇస్రో 2019లో ఒక గ్యాలరీ ప్రారంభించింది. చూడాలనుకునేవారు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట మీదుగా గ్యాలరీకి వెళ్లి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు ఇచ్చింది ఇస్రో కాదు, మరొక ప్రభుత్వ సంస్థ. దాన్ని ఇస్రో నమ్ముతుంది. దాన్ని చూసి ఆ ఒక్క ప్రయోగానికి, గ్యాలరీ వరకే అనుమతిస్తుంది. ప్రయోగం అయ్యాక ఆ పాస్ మీ జేబులో ఉన్నా, ఎవరికి దొరికినా పనికిరాదు. ఇస్రో మీకు గేటు తాళంచెవి ఇవ్వలేదు, మీరు దాచుకోవలసిందీ ఏమీ లేదు.

దీన్ని మన ‘పక్షులు’ ప్రాజెక్టుకు వర్తింపజేద్దాం. గుర్తింపు కార్డు ఇచ్చేది గిట్‌హబ్. పాస్ ఇచ్చేది ఏడబ్ల్యూఎస్‌లోని ఎస్‌టీఎస్ అనే సేవ. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఈ సౌకర్యం 2021లో వచ్చింది. గిట్‌ల్యాబ్‌లోనూ, గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలోనూ ఇలాంటిదే ఉంది. పేర్లు మారతాయి, నడక ఒకటే.

ముందుగా ఒకసారి చేయవలసిన ఏర్పాటు ఉంది. మీ ఏడబ్ల్యూఎస్ ఖాతాలో గిట్‌హబ్‌ను గుర్తింపు ఇచ్చే సంస్థగా నమోదు చేయాలి. తర్వాత ఒక రోల్ సృష్టించాలి. రోల్ అంటే యూజర్ కాదు, ఎవరో వచ్చి కాసేపు తొడుక్కునే యూనిఫాం లాంటిది. ఆ రోల్‌కు ఏ పనులు చేసే అనుమతి ఉందో ఒక పత్రంలోనూ, దాన్ని ఎవరు తొడుక్కోవచ్చో మరొక పత్రంలోనూ రాయాలి. ఈ రెండో పత్రాన్ని ట్రస్ట్ పాలసీ అంటారు.

ఇక పరీక్ష నడిచే ప్రతిసారీ జరిగేది ఇది. రన్నర్ గిట్‌హబ్‌ను ‘నేనెవరో రాసి సంతకం చేసి ఇవ్వు’ అని అడుగుతుంది. గిట్‌హబ్ ఒక టోకెన్ ఇస్తుంది. అందులో ఇచ్చింది ఎవరు (ఇష్యూయర్), ఎవరికి చూపడానికి (ఆడియన్స్), ఎవరి గురించి (సబ్జెక్ట్), ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి ఉంటాయి. కింద గిట్‌హబ్ ప్రైవేట్ కీతో చేసిన డిజిటల్ సంతకం ఉంటుంది. రన్నర్ దాన్ని తీసుకెళ్లి ఎస్‌టీఎస్‌కు చూపుతుంది. ఎస్‌టీఎస్, గిట్‌హబ్ బహిరంగంగా ప్రకటించిన పబ్లిక్ కీతో సంతకం సరిచూస్తుంది. లోపలి వివరాలను మీ ట్రస్ట్ పాలసీతో పోలుస్తుంది. సరిపోతే తాత్కాలిక ఆధారాలు ఇస్తుంది. మామూలుగా వాటి ఆయుష్షు ఒక గంట. ఈ మొత్తం సంభాషణలో ఎక్కడా ముందే దాచిన రహస్యం లేదు. సీక్రెట్స్ పెట్టెను ఎవరు దోచుకున్నా ఈ ప్రాజెక్టు క్లౌడ్ కీ అందులో దొరకదు.

మీ వర్క్‌ఫ్లో ఫైల్లో ‘ఐడీ-టోకెన్: రైట్’ అనే అనుమతి రాస్తేనే గిట్‌హబ్ ఈ టోకెన్ ఇస్తుంది. మొదటిసారి చేసేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ పంక్తినే.

కొద్ది గంటల చీటీ ఇచ్చి పని జరిపించే ఆలోచన పాతదే. 1980లలో ఎంఐటీ విశ్వవిద్యాలయం ఎథీనా ప్రాజెక్టు కోసం రూపొందించిన కెర్బెరాస్‌లోనూ గడువున్న టికెట్లే ఉన్నాయి. ఒక సంస్థ గోడల లోపల నడిచిన ఏర్పాటును ఒకరినొకరు ఎరగని సంస్థల మధ్య నడపగలగడమే ఇక్కడి కొత్తదనం.

గ్యాలరీ పోలిక ఒకచోట ఆగిపోతుంది, గమనించండి. గేటు దగ్గర మనిషి మీ ముఖాన్ని ఫొటోతో పోల్చి చూస్తాడు. ఎస్‌టీఎస్ ఇచ్చిన తాత్కాలిక ఆధారాలకు ముఖం లేదు. గంటలోపు దొంగ చేతికి చిక్కితే ఆ గంట దొంగదే.

5.4 ట్రస్ట్ పాలసీ: అసలు భద్రత ఇక్కడే

ఈ భాగంలో మీరు అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసింది ఇదే. కీ తీసేసి టోకెన్ పెట్టగానే పని పూర్తయిందనుకునేవారు చాలామంది. నిజానికి కీలో ఉన్న ప్రమాదం మాయం కాలేదు, ట్రస్ట్ పాలసీలోని నాలుగు పంక్తుల్లోకి మారింది. ఆ పంక్తులు సరిగా రాస్తే మీరు చాలా లాభపడినట్లు. తప్పుగా రాస్తే పాత కీకన్నా దుస్థితి. కీని దొంగిలించడానికైనా ఎవరో కష్టపడాలి, తప్పు షరతు ఉంటే ఆ కష్టం కూడా అక్కర్లేదు.

మొదటి తప్పు ఇది. ఇష్యూయర్ గిట్‌హబ్, ఆడియన్స్ ఎస్‌టీఎస్ అని మాత్రమే రాసి, సబ్జెక్ట్ గురించి ఏమీ రాయకపోవడం. చూడటానికి ఇది సరిగానే ఉంటుంది, ఇలా రాసి ఉన్న పాత రోల్స్‌తో పరీక్షలు నడుస్తాయి కూడా. కానీ గిట్‌హబ్‌ను వాడే కోట్లాది మందికి ఇష్యూయర్ ఒక్కటే. ‘ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్నవారెవరైనా రావచ్చు’ అని గేటు మీద రాసినట్లయింది. ఎవరైనా తమ సొంత రిపాజిటరీ నుంచి టోకెన్ తీసుకొని మీ రోల్ తొడుక్కోగలరు. మా ప్రాంతంలో చెంగాళమ్మ గుడి తలుపులు ఎప్పుడూ మూయరు. ఆ ఏర్పాటు అమ్మవారికి చెల్లింది, క్లౌడ్ ఖాతాకు చెల్లదు. ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2023లో డేటాడాగ్ సంస్థ భద్రతా పరిశోధకులు ఇలాంటి రోల్స్ కోసం వెతికితే, బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్‌కు చెందినది కూడా ఒకటి దొరికింది.

సబ్జెక్ట్ ఎలా ఉంటుందో చూద్దాం. అసలు ఫైల్లో రోమన్ లిపిలో ఉంటుంది, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను:

రెపో : మీ-ఖాతా / పక్షులు : మెయిన్ బ్రాంచ్

అంటే ఫలానా ఖాతాలోని ఫలానా రిపాజిటరీలో ఫలానా బ్రాంచ్ మీద నడిచిన పని. ఈ మూడింటిలో దేన్ని వదులుగా వదిలినా అర్థం మారిపోతుంది. నక్షత్రం గుర్తు అంటే ‘ఇక్కడ ఏదున్నా సరే’ అని అర్థం. ఖాతా పేరు మధ్యలో ఆపి నక్షత్రం పెట్టారనుకోండి, ఆ అక్షరాలతో మొదలయ్యే పేరుతో ఎవరైనా కొత్త ఖాతా తెరిచి లోపలికి రావచ్చు. కాబట్టి ఖాతా పేరు, రిపాజిటరీ పేరు పూర్తిగా రాయండి. గిట్‌హబ్‌లో మీ ఖాతా పేరు మార్చుకుంటే పాత పేరును మరొకరు తీసుకునే వీలుంది. అందువల్ల పాత పేరున్న షరతును వెంటనే మార్చాలి.

బ్రాంచ్ దగ్గర నక్షత్రం పెట్టవచ్చా? ఇక్కడ పరీక్షా పైప్‌లైన్ల ప్రత్యేకత ఒకటుంది. పరీక్షలు మెయిన్ బ్రాంచ్ మీదే కాదు, ఇంకా ఎవరూ సమీక్షించని మార్పుల మీద కూడా నడవాలి, వాటి ప్రయోజనమే అది. పుల్ రిక్వెస్ట్ మీద నడిచే పనికి సబ్జెక్ట్‌లో బ్రాంచ్ పేరుకు బదులు ‘పుల్ రిక్వెస్ట్’ అనే ఉంటుంది. సమీక్షించని కోడ్ చేతికి టోకెన్ ఇవ్వక తప్పదు కాబట్టి, ఆ టోకెన్‌తో చేయగలిగిన పని అతి తక్కువగా ఉండాలి. నా అభిప్రాయంలో విద్యార్థి ప్రాజెక్టుకైనా రెండు రోల్స్ తప్పనిసరి. ఒకటి పరీక్షల రోల్. దానికి పరీక్షల కోసమే పెట్టిన బకెట్ తప్ప మరేమీ కనిపించకూడదు, వీలైతే అది వేరే ఏడబ్ల్యూఎస్ ఖాతాలోనే ఉండాలి. రెండోది అసలు వెబ్‌సైట్‌ను మార్చే రోల్, దాని షరతులో మెయిన్ బ్రాంచ్ పేరే, నక్షత్రం లేకుండా. ఇతరులు మీ రిపాజిటరీని ఫోర్క్ చేసి పంపే పుల్ రిక్వెస్టులకు గిట్‌హబ్ మామూలుగా ఈ టోకెన్ ఇవ్వదు. ఆ కట్టును ‘పుల్ రిక్వెస్ట్ టార్గెట్’ అనే ఈవెంట్‌తో దాటే ఉపాయాలు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి.

5.5 గడువు ఎంత?

2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి ‘ఛేంజ్డ్ ఫైల్స్’ అనే ఉపకరణాన్ని ఎవరో మార్చేశారు. అప్పట్లో 23 వేలకు పైగా రిపాజిటరీలు దాన్ని వాడేవి. మార్చిన కోడ్ రన్నర్ మెమరీలోని రహస్యాలను పైప్‌లైన్ లాగ్‌లో అచ్చువేసింది. బహిరంగ రిపాజిటరీల్లో లాగ్‌లను ఎవరైనా చూడవచ్చు. గడువు ప్రాధాన్యం ఇక్కడ తెలుస్తుంది. అలా అచ్చయినది గంట టోకెన్ అయితే, మర్నాడు లాగ్ చదివినవాడికి దొరికేది చచ్చిన అక్షరాలు. నిల్వ కీ అయితే అది మర్నాడూ, మరుసటి నెలా బతికే ఉంటుంది.

ఎస్‌టీఎస్‌లో కనీస గడువు 15 నిమిషాలు, గరిష్ఠం 12 గంటలు. పరీక్షలు గంటన్నర నడుస్తూ మధ్యలో ‘టోకెన్ గడువు ముగిసింది’ అని ఆగిపోయినప్పుడు చాలామంది నేరుగా 12 గంటలు పెట్టేస్తారు. దానికన్నా పరీక్షలను విడివిడి పనులుగా చీల్చి, ఒక్కొక్కటి తన టోకెన్ తానే తెచ్చుకునేలా చేయడం మేలు. చీలిస్తే పరీక్షలు త్వరగానూ ముగుస్తాయి. టోకెన్ ఇంకా చెల్లాల్సిన సమయంలోనే తిరస్కరణకు గురైతే, మీ సొంత రన్నర్ గడియారం సరిగా ఉందో లేదో ముందు చూడండి.

5.6 పాత కీని తొలగించడం

కొత్త దారి వేసి పాత దారి మూయకపోతే చేసిన పని వృథా. విద్యార్థుల ప్రాజెక్టుల్లో నేను ముందుగా చూసేది ఇదే. టోకెన్ చక్కగా పనిచేస్తుంటుంది, పక్కనే పాత కీ కూడా బతికే ఉంటుంది.

ఏడబ్ల్యూఎస్ ప్రతి కీకి ‘చివరిసారి వాడిన తేదీ’ చూపుతుంది. టోకెన్‌తో పరీక్షలు నడవడం మొదలయ్యాక ఆ తేదీ కదలకుండా ఉందా అని గమనించండి. ఇంకా కదులుతోందంటే మీకు తెలియని మరోచోట ఆ కీని ఎవరో వాడుతున్నారని అర్థం. అది మీరు మరిచిపోయిన స్క్రిప్టు కావచ్చు, కాకపోనూవచ్చు. కదలిక ఆగాక కీని నిష్క్రియం చేయండి, వెంటనే చెరపకండి. నిష్క్రియం చేసిన కీని అవసరమైతే మళ్లీ లేపవచ్చు. కొన్ని రోజులు ఏదీ విరగకపోతే అప్పుడు చెరపండి. తాత్కాలిక ఆధారాల కీ ఐడీ ‘ఏఎస్ఐఏ’ అనే అక్షరాలతోనూ, నిల్వ కీ ఐడీ ‘ఏకేఐఏ’తోనూ మొదలవుతాయి. లాగ్‌లో ఏది నడుస్తోందో ఈ నాలుగు అక్షరాలే చెబుతాయి. దొంగల ప్రోగ్రాములు బహిరంగ రిపాజిటరీల్లో గాలించేదీ వీటికోసమే.

కీ పొరపాటున రిపాజిటరీలోకి వెళ్లినట్లయితే ఈ నిదానం పనికిరాదు. ఫైల్లోంచి ఆ పంక్తి తీసేసినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. ముందు కీని నిష్క్రియం చేయండి, చరిత్ర సంగతి తర్వాత చూడవచ్చు. మీరు ఒక సంస్థలో పనిచేస్తుంటే వెంటనే పైవారికి చెప్పండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం నిర్దిష్ట సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు సంస్థ తెలియజేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. మీరు భయంతో దాచిపెట్టిన ప్రతి గంటా ఆ 6 గంటల్లోంచే పోతుంది.

టోకెన్ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. ఎస్ఎంఎస్ పంపే సేవ, చెల్లింపుల సేవ వంటి కొన్ని ఇప్పటికీ కీనే అడగవచ్చు. అలాంటివాటిని సీక్రెట్స్‌లోనే ఉంచండి, కానీ పరీక్షలకు విడిగా తీసుకున్న కీనే వాడండి.

5.7 అభ్యాసం

‘పక్షులు’ ప్రాజెక్టులో ముగ్గురు మిత్రులు పనిచేస్తున్నారు. వారి ఒకే ఒక్క రోల్ ట్రస్ట్ పాలసీలో మూడు షరతులున్నాయి: ఇష్యూయర్ గిట్‌హబ్ అయి ఉండాలి, ఆడియన్స్ ఎస్‌టీఎస్ అయి ఉండాలి, సబ్జెక్ట్ ‘రెపో : మీ-ఖాతా / పక్షులు : *’ తో సరిపోవాలి. ఆ రోల్‌కు పరీక్షల బకెట్ మీదా, అసలు ఫొటోల బకెట్ మీదా చెరిపే అధికారం ఉంది.

(అ) బయటి ఖాతాలోని రిపాజిటరీ ఈ రోల్ తొడుక్కోగలదా? ఎందుకు?

(ఆ) ముగ్గురిలో ఒకరి గిట్‌హబ్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది. మెయిన్ బ్రాంచ్‌లోకి సమీక్ష లేకుండా ఏదీ చేరదు. అయినా అసలు ఫొటోలు చెరిగిపోయే దారి ఒకటుంది. అది ఏమిటో రాయండి.

(ఇ) ఆ దారి మూసేలా ఈ రోల్‌ను రెండుగా విడదీసి, ఒక్కొక్కదాని సబ్జెక్ట్ షరతునూ అనుమతులనూ రాయండి. పుల్ రిక్వెస్టుల మీద పరీక్షలు మునుపటిలాగే నడవాలి.